కంచె దాటిన నీలిగడ్డి

జాజిగుట్ట సైనిక శిక్షణ క్యాంపస్‌లో తుపాకీ గుండు తగిలి చచ్చినవాడు ఇంతవరకు ఒక్కడూ లేడు. కల్నల్ విశ్వనాథానికి మైకు దొరికితే చాలు, ఆ మాట చెప్పకుండా దిగేవాడు కాదు. గుండ్లు బొమ్మలకు తగులుతాయి, బొమ్మలను దాటి వెనకున్న మట్టిదిబ్బలో దిగబడతాయి, అక్కడితో సరి. తాతల కాలం నుంచి కొత్తగా చేరిన ప్రతి కుర్రాడూ ఆ దిబ్బలోకే కాల్చాడు. దిబ్బ కడుపునిండా సీసం మింగి కూర్చుంది. వాన పడ్డప్పుడల్లా కొంచెం కొంచెం కక్కింది. ఆ కక్కు కింది బోర్లలో తేలాక, దిబ్బ శుభ్రం చేస్తారా, కాల్పుల రేంజి మూసుకుంటారా అని పైనుంచి గద్దింపు వచ్చింది. అప్పుడు గానీ మన దొరలకు చీపురు గుర్తుకు రాలేదు.

ఆ చీపురు డాక్టర్ హిమబిందు. ఆవిడ సూదులిచ్చే డాక్టరు కాదు, గడ్డి డాక్టరు. ఆవిడ ప్రయోగశాలలో పుట్టించిన గడ్డికి ఒకటే ఆకలి, సీసం. అన్ని గడ్డిలాగా పచ్చగానే మొలుస్తుంది. వేరుకు సీసం తగిలిందా, ఆకు నీలిమందులో ముంచి ఆరేసినట్టు నీలంగా మారుతుంది. ఎంత తాగితే అంత ముదురు. సీసం లేని నేలలో మాత్రం వేలెడు మొలిచి ఎండి చస్తుంది. దిబ్బ మీద ఈ విత్తనం చల్లి, కోసి, మళ్ళీ చల్లడానికి ఊళ్ళోని ఆడవాళ్ళను కూలికి పెట్టుకున్నారు. వాళ్ళలో స్వరూప ఒకతె. మొగుడు ఐలేష్‌కు రెండు బర్రెలున్నాయి, పాలు పోసి బతుకుతాడు. ఒక కూతురు, సహస్ర. అంతకుముందు ఒక కొడుకు పుట్టాడు. రెండేళ్ళకే ఫిట్స్ వచ్చి పోయాడు.

మొదటి కోత నాడు మేస్త్రి చాయ్ కాచుకుందామని మూడు రాళ్ళు పెట్టి గిన్నె ఎక్కించాడు. కోసిన నీలిపరక ఎండింది గుప్పెడు వాటి మధ్య దోపి అగ్గిపుల్ల గీశాడు. ఎక్కణ్ణుంచి చూసిందో డాక్టరమ్మ, చెప్పులు విడిచేసి పరుగున వచ్చి అంటుకున్న పరకలతో సహా గిన్నెను ఒక్క తన్ను తన్నింది.

"ఓ యవ్వా! కాళ్ళు గాలినయ్ మేడం!" అని ఎగిరాడు మేస్త్రి.

"కాళ్ళు కాలితే మందుంది. ఆ పొగ పీలిస్తే లేదు. దిబ్బలో సీసమంతా ఇప్పుడు ఆకులోకి వచ్చింది. నువ్వు కాల్చావంటే గాలిలోకి లేస్తుంది. పచ్చిగా ఉండగానే కోయాలి, డ్రమ్ములో కుక్కాలి, మూత బిగించాలి. ఎన్నిసార్లు మొత్తుకోవాలయ్యా మీతో?"

మేస్త్రి గంతులు చూసి ఆడవాళ్ళంతా కొంగులు అడ్డం పెట్టుకొని నవ్వారు. స్వరూప అందరికంటే ఎక్కువ నవ్వింది. పనయ్యాక గేటు దగ్గర చీరలు దులుపుకొని పొమ్మని కూడా డాక్టరమ్మ చెప్పింది. వింటేగా! ఇంటికి పోయే ఆత్రంలో ఎవరు దులుపుతారు? ఆ విత్తనం పల్లేరుకాయకు చెల్లెలు, కుచ్చిళ్ళకు అంటుకుంటే ఊడదు.

రెండో కోతకు దిబ్బ మీది నీలం కాస్త పలచబడింది. కల్నల్ కళ్ళద్దాలు తీసి చూసి, "ఇక అయిపోయినట్టే కదా డాక్టర్? కొత్త బ్యాచ్‌కు ఫైరింగ్ పరీక్ష ఉంది, అది పాసైతే గానీ వాళ్ళను పంపలేను" అన్నాడు.

"ఇల్లలకగానే పండగ కాదు సార్. ఇంకా లోతున ఉంది" అంది ఆవిడ.

ఆవిడ సామెతకు వాడుకున్న మాట గానీ, జాజిగుట్టలో ఇల్లలకడమంటే నిజంగానే పండగ. ఏటా బతుకమ్మ ముందు ఒక ఆదివారం క్యాంపస్ గేటు ఊరికి తెరిచేవారు. దిబ్బ పైపైన దిగిన గుండ్లు ఏరడానికి ఏటా కొంత మన్ను జల్లెడ పట్టేవాళ్ళు, ఆ మిగిలిన ఎర్రమన్ను పిండిలా మెత్తగా ఉండేది. జవాన్లే తట్టలకెత్తి ఆడవాళ్ళ నెత్తిన పెట్టేవారు. పేడ కలిపి అలికితే గచ్చు కూడా దానిముందు దిగదుడుపే. గోడలకు, అరుగులకు, పొయ్యిగడ్డలకు అదే మన్ను. చుట్టాలొస్తే "మాది మిలిటరీ మన్ను" అని గొప్పలు పోయేవారు. స్వరూప కొడుకును కడుపున మోసినప్పుడు ఆ మట్టివాసనకు నోరూరి గోడపెచ్చు గిల్లి చప్పరించింది. అత్త చూసి, కడుపుతో ఉన్నోళ్ళకు మన్ను మీద మనసు పోవుడు మామూలే అని మురిసింది కూడా.

ఒకనాటి సాయంత్రం స్వరూప పొయ్యి ముందు కూర్చుని రొట్టె చేస్తోంది. సహస్ర గోడ మూలకు ముడుచుకొని కడుపునొప్పి అని మూలుగుతోంది. ఆ పిల్లకది రోజూ ఉన్నదే. బడిలో వేసి రెండేళ్ళయినా అక్షరం నిలవదు, చెప్పింది చెప్పినట్టే మరిచిపోతుంది, చిగుళ్ళ మీద నల్లటి గీత. పంతులు మొద్దుపిల్ల అని తేల్చేశాడు. రొట్టె తిప్పబోయిన స్వరూప చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. పొయ్యిగడ్డ పగులులోంచి ఒక పరక లేచి ఉంది. వేలెడు కూడా లేదు. నీలంగా ఉంది. దిబ్బ మీద కూడా అంత ముదురు నీలం ఆమె చూడలేదు.

రొట్టె మాడి పొగ లేచింది. ఆమె లేచి ఇల్లంతా వెతికింది. గడప కింద రెండు పరకలు, తాము పడుకునే చోట ఒకటి, గోడ వార సహస్ర గిల్లి గిల్లి తిన్న గుంటలో గుత్తిగా నాలుగు. గడ్డపార తీసుకొని నేలను ఎడాపెడా పొడవడం మొదలుపెట్టింది. పాలక్యాను దించి లోపలికొచ్చిన ఐలేష్ బిత్తరపోయాడు.

"ఏందే, పిచ్చి గిట్ల లేసిందా? మొన్ననే గద అలికినవ్!"

"నేనే అలికిన! నా చేతులిరగ, నేనే అలికిన!" అని అరిచింది స్వరూప. "ఇది విషం. ఇండ్ల పంటున్నం, ఇండ్ల తింటున్నం. నా బిడ్డకు నేనే పెట్టిన!"

ఐలేష్‌కు ఒక్క ముక్క అర్థం కాలేదు. పెళ్ళాం ఏడుస్తూనే వివరంగా చెప్పాక మాత్రం వాడు మూలనున్న సహస్రను చటుక్కున ఎత్తుకొని బయట బర్రెలపాకలోకి పోయి నిలబడ్డాడు. ఆ పాకకు ఎవరూ మిలిటరీ మన్ను వెయ్యలేదు. ఊరు మొత్తంలో మనుషులకంటే బర్రెలే మంచి నేల మీద పడుకున్నాయి.

తర్వాత ముసురు పట్టింది. మూడు రోజుల వానకు ఊరు ఊరంతా నీలంగా లేచింది. ఏ అరుగు చూసినా, ఏ గడప చూసినా అదే. పాలవ్యాను వాడు ఊరి పొలిమేర నుంచే బండి తిప్పుకుపోయాడు. కూరగాయలు అంగట్లో ఎవరూ ముట్టలేదు. జనానికి కోపం ఎవరి మీదో ఒకరి మీద తీరాలి కదా. గడ్డి పనికి పోయిన ఆడవాళ్ళ మీద, అందులోనూ మొదట నోరు విప్పిన స్వరూప మీద పడ్డారు.

"ఊరిని నాశినం జేసినవ్ గదే! చీరెల దోపుకొచ్చి ఇండ్లల్ల చల్లినవ్" అని పక్కింటి లింగవ్వ వీధిలో నిలబడి దుమ్మెత్తి పోసింది. "నీ కడుపుగాల! నువ్వు గడ్డి తేకముందు మంచిగుంటిమి."

"మంచిగుంటిమా? నీ మనుమడు నడవలేక డేకుతడు, అది మంచిగున్నట్టా? గడ్డి విషం తేలేదు అత్తా. ఉన్నదాన్ని చూపెట్టింది" అంది స్వరూప.

లింగవ్వ చీపురు విసిరింది. అది స్వరూప భుజానికి తగిలింది.

స్వరూప సహస్రను రెక్క పట్టుకొని డాక్టరమ్మ దగ్గరికి పోయింది. ఊరిలో గడ్డి మొలిచిందని విని ఆవిడ మొదట విత్తనం గొడవే అనుకుంది. "గేటు దగ్గర దులుపుకోమన్నానా లేదా?" అని గయ్యిమంది. అంతలోనే ఆగింది. "ఉండు. సీసం లేనిదే అది బతకదే! మీ ఇళ్ళల్లో సీసం ఎక్కడిది?"

స్వరూప మన్ను సంగతి చెప్పింది. డాక్టరమ్మ వింటూ వింటూ పక్కనున్న డ్రమ్ము మీద కూలబడింది. దిబ్బ చుట్టూ అంగుళం అంగుళం పరీక్ష చేసిన మనిషి, ఆ మన్ను నెత్తిన పెట్టుకొని జనం ఇంటికి మోసుకుపోయారేమో అని ఏనాడూ అడగలేదు. అడగాలని ఎవరికి తడుతుంది? కానీ తట్టలేదన్న సిగ్గు ఆవిడ ముఖంలో కనిపించింది.

తల్లీకూతుళ్ళను ఆవిడే హైదరాబాదు తీసుకుపోయి సహస్రకు రక్తపరీక్ష చేయించింది. ఫలితం చూసిన పెద్దడాక్టరు తల్లి ముఖం చూడలేక పిల్ల తల నిమిరాడు. రక్తంలోంచి సీసాన్ని లాగే మందు ఉందన్నాడు. మందు వేస్తే పిల్ల దక్కుతుందన్నాడు. "కానీ అదే ఇంట్లోకి తిరిగి పోతే లాభం లేదమ్మా. ఆ మన్నంతా పోవాలి. ఇంకొక్కసారి ఎక్కువ మోతాదు ఒంట్లోకి పోయిందంటే ఈ పిల్ల మెదడు తట్టుకోదు."

ఇళ్ళల్లో మన్ను తవ్వి తీయాలంటే యంత్రాలు కావాలి, లారీలు కావాలి, అంతవరకు ఊరికి వేరే నీడ కావాలి. అవన్నీ క్యాంపస్ దగ్గరున్నాయి. డాక్టరమ్మ స్వరూపను వెంటబెట్టుకొని కల్నల్ ఆఫీసుకు పోయింది. ఆయన ఓపికగానే విన్నాడు.

"చూడండి, నాకు అప్పగించిన పని కంచె లోపల. కంచె బయట మాకు సంబంధం లేదు."

"మన్ను మీరిచ్చిందే గద సార్!" అంది స్వరూప.

"అమ్మామా? ఇంటికి తెచ్చి పోశామా? మీరడిగారు, పోనీ పాపం అని ఇచ్చాం. మంచికి పోతే ఇదా?" కల్నల్ గొంతు పెంచాడు. "దానివల్లే పిల్లలకు జబ్బు చేసిందని రుజువేంటి? ఊళ్ళో ఇంకే కారణాలూ లేవా?"

రుజువు ఊరిబయట మొలుస్తోంది. జాజిగుట్టలో పెద్దవాళ్ళు పోతే కాలుస్తారు, పసిపిల్లలు పోతే పూడుస్తారు. పిల్లల బొందలగడ్డ క్యాంపస్ కంచెకు ఆనుకొనే ఉంది. కూలికి పోయే ఆడవాళ్ళకు దగ్గరిదారి అదే. వాళ్ళ చీరల విత్తనం అక్కడా రాలింది. తుమ్మచెట్లకింద నేలంతా మామూలుగానే ఉంది. బొందల మీద మాత్రం మూరెడు మూరెడు పట్టెలుగా నీలిగడ్డి లేచింది. ఏ పట్టె చూసినా ఒక పసిబిడ్డ పడుకున్నంత. అక్కడ మన్ను ఎవరూ మొయ్యలేదు, గుండ్లెవరూ పేల్చలేదు. గడ్డికి తిండి ఎక్కడ దొరికిందో చెప్పడానికి డాక్టరే అక్కర్లేదు.

స్వరూప కొడుకు రిత్విక్ బొంద మీద గడ్డి అన్నిటికంటే ముదురుగా ఉంది. ఆమె దాని పక్కన కూలబడి చాలాసేపు చేత్తో నిమిరింది. గాలి సోకింది అన్నారు. దిష్టి అన్నారు. తాయెత్తులు కట్టారు, కోడిని తిప్పారు. ఆ పిల్లవాడు ఫిట్స్‌తో కొట్టుకుంటుంటే చల్లగా ఉంటుందని అలికిన నేల మీదే పడుకోబెట్టింది తను. ఆ సంగతి తలచుకొని నోరు నొక్కుకొని ఏడ్చింది.

ఒక్కొక్కతే మిగతా తల్లులూ వచ్చారు. లింగవ్వ కూడా వచ్చింది, ఇద్దరు మనవరాళ్ళ బొందలు వెతుక్కుంటూ. ఆ రోజు నుంచి ఆడవాళ్ళు అక్కడే కూర్చున్నారు. ఒకతె గడ్డికి బొట్టు పెట్టింది, ఒకతె పాలు పోసింది. అది కోయాలని డాక్టరమ్మ చెప్పబోతే మీదపడి కొట్టినంత పని చేశారు.

"ముట్టితే చేతులు నరుకుత" అంది లింగవ్వ. "వాండ్ల వెంట్రుకలు లెక్కున్నది. బతికినప్పుడు దువ్వకపోతిమి."

డాక్టరమ్మ వెనక్కి తగ్గలేదు. ఆవిడకూ కళ్ళనీళ్ళు తిరుగుతున్నాయి, అయినా ఉన్నదున్నట్టు చెప్పింది. "వేరు ఎముకలోకి దిగిందమ్మా. ఎముకను కరిగించి సీసం తాగుతోంది. మీ పిల్లలే ఆ ఆకుల్లో ఉన్నారు, కాదనను. కానీ ఎండలు ముదిరాక అది ఎండుతుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. ఆ పొగ ఊరిమీదికే వస్తుంది. ఉన్న పిల్లలు కూడా దక్కరు."

ఎవరూ లేవలేదు. స్వరూప కూడా లేవలేదు.

ఏటా ఫైరింగ్ మొదలయ్యే ముందు క్యాంపస్ వాళ్ళకొక అలవాటు. గుండ్ల నిప్పుకు గడ్డి అంటుకోకుండా, కంచె పొడవునా లోపలా బయటా వాళ్ళే ముందుగా తగలబెట్టి నేల నల్లగా చేసేవారు. ఈసారీ మైకులో చాటారు, సోమవారం పొద్దున కంచెకు రెండువైపులా గడ్డి కాలుస్తామని. డాక్టరమ్మ కల్నల్ కాళ్ళావేళ్ళా పడ్డంత పని చేసింది. నీలిగడ్డి కాల్చొద్దంది. లోపల నీలిగడ్డి ఒక్క పరక కూడా కాల్చం, బయటున్నది మామూలు గడ్డి, మా రికార్డులో అక్కడ నీలిగడ్డి లేనే లేదు అన్నాడాయన. ఊరి మగాళ్ళలో కొందరు పోనీ కాలనీ, పీడ విరగడవుతుంది, పాలవ్యాను మళ్ళీ వస్తుంది అన్నారు. దున్నపోతు మీద వాన కురిసినట్టయింది ఆవిడ మొర.

సోమవారం తెల్లారేసరికి స్వరూప సహస్రను సిద్దిపేటలో అక్కయ్య ఇంట్లో దింపి వచ్చింది. నేరుగా బొందలగడ్డకు నడిచింది. చేతిలో కొడవలి ఉంది. కొడుకు బొంద ముందు వంగి గడ్డిని పిడికిట పట్టింది.

"ఏయ్! తల్లివేనా నువ్వు?" లింగవ్వ కేక పెట్టింది. "కన్నకొడుకు మీద కొడవలి పెడ్తవా?"

"తల్లినే. ఒకడు లోపలున్నడు, ఒకతి బయటున్నది. లోపలున్నోడు పోయిండు అత్తా. ఇంకెంత పట్టుకున్నా రాడు. వాని పేరు మీద దాన్ని చంపుకోమంటవా?" అంటూ కోసింది. కోస్తుంటే కొడవలికి పచ్చి రసం నీలంగా అంటుకుంది. ఆమె ఆపకుండా కోసింది, ఏడుస్తూ తిడుతూ కోసింది. మన్నును తిట్టింది, ఆఫీసర్లను తిట్టింది, తనను తాను అందరికంటే ఎక్కువ తిట్టుకుంది. గడ్డిని ఒడిలో పెట్టుకొని డాక్టరమ్మ తెచ్చిన డ్రమ్ములో దించింది. విసిరెయ్యలేదు.

చాలాసేపటికి లింగవ్వ వచ్చి కొడవలికి చెయ్యి చాపింది. ఆమె వెనక ఇంకొకతె, ఇంకొకతె. కిరసనాయిలు డబ్బాలతో వచ్చిన జవాన్లు అది చూసి ఏం చేయాలో తెలియక దూరంగా నిలబడ్డారు. వాళ్ళలో ఒకడు డబ్బా కింద పెట్టేసి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఎండ ఎక్కేలోపు ఒక్క బొంద మీద కూడా నీలం లేదు.

డ్రమ్ములను ట్రాలీలో పెట్టుకొని అందరూ క్యాంపస్ గేటుకు వచ్చారు. విషం దాచే గొయ్యి లోపలే ఉంది మరి. కల్నల్ బయటికి వచ్చి డ్రమ్ములను, ఆడవాళ్ళను చూశాడు. "మంచి పని చేశారు. వ్యర్థాలు లోపల దించేసి వెళ్ళండి" అన్నాడు.

"వ్యర్థాలు కాదు సార్" అంది స్వరూప. "కిందటేడు సరిహద్దుల పోయిన జవాను శవం ఊరి మీదికెళ్ళి వస్తే మీరు ఎండల నిలబడి సెల్యూట్ కొట్టిన్రు. మేమంత చూసినం, ఏడ్సినం. వీండ్లు గుడ గుండ్లకే పోయిన్రు. మీ గుండ్లకు. వీండ్లకు గుడ కొట్టుండ్రి."

కల్నల్ ముఖం గట్టిబడింది. ఆ చెయ్యి ఒక్కసారి లేచిందంటే ఏమవుతుందో ఆయనకు తెలుసు. గుండ్లకు పిల్లలు పోయారని ఒప్పుకున్నట్టే. ఒప్పుకుంటే ఊరు తవ్వాలి, ఇళ్ళు కట్టాలి, పిల్లలందరికీ మందు పోయాలి. స్వరూపకు కావలసింది సరిగ్గా అదే. ఆయన "గేటు తెరవండి, డ్రమ్ములు తీసుకోండి" అని మాత్రం చెప్పి లోపలికి పోయాడు.

మర్నాడు ఫైరింగ్ పరీక్ష. రేంజి మీద ఎర్రజెండా ఎగరేశారు. కొత్త బ్యాచ్ కుర్రాళ్ళు తుపాకులతో బోర్లా పడుకున్నారు. దుర్భిణీలో చూసిన హవల్దార్ ఒక్కసారిగా ఆపండి ఆపండి అని అరిచాడు. బొమ్మల వెనక దిబ్బ నిండా ఆడవాళ్ళు. గడ్డి పనికి పోయే గేటులోంచే, గడ్డి పనికి పోయినట్టే పోయి దిబ్బ ఎక్కి కూర్చున్నారు. ముఖాలకు తడిగుడ్డలు కట్టుకున్నారు. గుడ్డలు పంచింది డాక్టర్ హిమబిందు. పంచి కిందికి దిగిపోలేదు, ఒక చివరన తనూ కూర్చుంది.

కల్నల్ జీపులో వచ్చి దిబ్బ కింద నిలబడి మైకు అందుకున్నాడు. "ఇది నిషేధిత ప్రాంతం. వెంటనే దిగండి. ఆ మన్నులో కూర్చుంటే మీ ప్రాణాలకే ప్రమాదం."

"ఇన్నేండ్ల సంది గిదే మన్నుల పన్నం! గప్పుడు యాదికి రాలేదా ప్రమాదం?" అని పైనుంచి అరిచింది లింగవ్వ.

కుర్రాళ్ళు తుపాకులు పక్కన పెట్టి లేచి నిలబడ్డారు. కల్నల్ మైకు దించి నాలుగడుగులు పైకెక్కాడు. స్వరూపకు మాత్రమే వినబడేంత గొంతుతో, బతిమాలుతున్నట్టే అన్నాడు. "నా ఒక్కడి చేతిలో లేదమ్మా ఇది. పైవాళ్ళకు చెప్పాలి, వాళ్ళు ఆలోచించాలి. టైం పడుతుంది."

"పట్టనియ్యి సార్" అంది స్వరూప. ముక్కుకు అడ్డంగా గుడ్డ బిగించుకొని, కాళ్ళు ముడుచుకొని సర్దుకు కూర్చుంది. "మాకు తొందర లేదు. మా పిల్లలు గుడ మెల్లమెల్లగనే పోయిన్రు."